గీతబండ దగ్గర బుడంకాయ

అనగనగా అనగానే మరీ అంత దూరం వెళ్ళిపోకండి పిల్లలూ. మీ తాతకు తాత గోచీ పెట్టుకుని తిరిగిన రోజుల దగ్గర ఆగండి. అప్పుడు మన కొండల వెనక ఒక అడవి ఉండేది. ఇప్పుడూ ఉంది, కాని అది వేరు. ఆ రోజుల్లో వెదురు పొదల్లోకి దూరితే మిట్టమధ్యాహ్నం కూడా చల్లగా ఉండేది. ఇప్పపూలు రాలే కాలంలో అడవి అడవంతా బెల్లం కాస్తున్నట్టు వాసన వేసేది. నడి వేసవిలో కూడా ఏరు గలగలమని పారేది.

ఆ అడవిలో ఒక ఏనుగుల మంద ఉండేది. మందలో తంగేడు అనే తల్లి ఏనుగు ఉండేది. దానికి పది నెలల కొడుకు. వాడి పేరు బుడంకాయ.

అది కావాలని పెట్టిన పేరు కాదు. వాడు పుట్టిన రోజున ఎవరో వంగి చూసి, "ఇదేమిటే, బుడంకాయంత ఉన్నాడు!" అన్నారు. అందరూ నవ్వారు. తంగేడు కూడా నవ్వింది. పేరు అలాగే నిలిచిపోయింది. పది నెలలు గడిచేసరికి ఆ పేరు వింటే తంగేడుకు నవ్వు రావడం మానేసింది.

ఎందుకో చెబుతాను.

మోదుగులు ఎర్రగా పూసే రోజులకు ఈ ఒడ్డున మేత అయిపోయేది. చెట్లు మోడుబారేవి. అప్పుడు మంద ఏరు దాటి అవతలి కొండలకు వెళ్ళేది. వానలు పడ్డాకే తిరిగి వచ్చేది. దాటే రోజు పొద్దున్నే, గట్టు మీద ఉన్న ఒక పెద్ద బండ దగ్గర పిల్లల్ని ఒక్కొక్కరినే నిలబెట్టేవాళ్ళు. ఆ బండ మీద అడ్డంగా ఒక గీత గీసి ఉంది. అందుకే దాన్ని గీతబండ అనేవాళ్ళు. పిల్ల వీపు గీతను తాకితే మందతో పాటు దాటొచ్చు. తాకకపోతే అది సరిగా ఎదగని పిల్ల. తల్లీ పిల్లా ఈ ఒడ్డునే ఉండిపోవాలి.

ఉండిపోతే ఏమవుతుందో అందరికీ తెలుసు. రెండేళ్ళ కిందట గోరింట అనే ఏనుగు తన పిల్లతో అలా ఉండిపోయింది. వానల తర్వాత మంద తిరిగి వచ్చేసరికి ఒడ్డున గోరింట ఒక్కతే నిలబడి ఉంది. పిల్ల ఏదని ఎవరూ అడగలేదు. ఆ రోజు నుంచి గోరింట పెద్దగా మాట్లాడేది కాదు.

ఈ నియమం పెట్టింది మందకు పెద్ద అయిన మద్దమ్మ. కాని పెట్టావంటే ఒప్పుకునేది కాదు.

"నేనెక్కడ పెట్టానే? ఇది మా అమ్మల కాలం నాటి ఆచారం. నా చిన్నప్పుడు నన్నూ ఈ బండ దగ్గరే నిలబెట్టారు. ఆ రోజుల్లో ఎంత క్రమం, ఎంత పద్ధతి! మధ్యలో వచ్చినవాళ్ళు మరిచిపోయారు. పెద్దరికం నా చేతికి వచ్చాక నేను మళ్ళీ మొదలుపెట్టాను" అనేది.

గీత ముందు అందరూ సమానమే అని కూడా అనేది. వినడానికి బాగానే ఉంది. కాని ఆ మాట ఎప్పుడూ గీత కన్నా పొడుగున్నవాళ్ళే అనేవాళ్ళు.

దాటే రోజుకు ఇంకా ఇరవై రోజులు ఉన్నాయి. తంగేడు బుడంకాయను వెంటపెట్టుకుని గీతబండ దగ్గరికి వెళ్ళింది. బండకు ఆనించి నిలబెట్టింది. మన లెక్కలో చెప్పాలంటే, జానెడు తక్కువ ఉన్నాడు.

"నిటారుగా నిలబడరా" అంది తంగేడు.

"నిలబడ్డానమ్మా."

"ఇంకా."

"ఇంకా అంటే ఎటు?" అన్నాడు బుడంకాయ.

అప్పుడే బొగడ అటుగా వచ్చింది. బొగడ తంగేడుకు అక్క వరస. దాని కొడుకు గుండ్రాయి. బుడంకాయ కన్నా మూడు రోజులు చిన్నవాడు, కాని ఆకారం చూస్తే రెండింతలు. వాడు వెనకే వచ్చి బండకు వీపు రుద్దుకున్నాడు. వీపు గీత మీదికి వచ్చింది.

"అయ్యో, మీ వాడు ఇంకా ఇంతేనా? మా వాడు పోయిన నెలలోనే తాకేశాడు. ఇంతకీ ఏం పెడుతున్నావే వీడికి?" అంది బొగడ.

"పాలే అక్కా. అప్పుడప్పుడూ లేత ఆకులు."

"పాలు అందరమూ ఇస్తున్నాం తల్లీ. వంట్లో ఏమైనా తేడా ఉందేమో చూసుకో. తర్వాత ఏడ్చి లాభం లేదు" అని బొగడ వెళ్ళిపోయింది.

ఆ మాట తంగేడు చెవిలో జోరీగలా తిరిగింది. ఆ రోజు నుంచి దానికి కొడుకు కనిపించడం మానేశాడు. కొడుకుకూ గీతకూ మధ్య ఉన్న జానెడు జాగా ఒక్కటే కనిపించేది.

మర్నాడు చెట్టు మీది కొండముచ్చు దిగి వచ్చింది.

"ఏమిటి ఏనుగక్కా, ముఖం అలా వేలాడేశావు?"

తంగేడు చెప్పింది.

"ఇంతేనా! పిల్లల్ని సాగదీయాలి. మా పిల్లలు పొద్దస్తమానం కొమ్మలకు వేలాడతారు. చూడు మా చేతులు! చూడు మా తోకలు!" అంది కొండముచ్చు.

తంగేడుకు ఆ తోకలు చూసి నమ్మకం కలిగింది. బుడంకాయ ముందు కాళ్ళు రెండూ ఒక ఎత్తు కొమ్మ మీద పెట్టించింది. కొండముచ్చు వాడి తోక పట్టుకుని కిందికి లాగింది. మొదటి రోజు వాడు ఆట అనుకుని నవ్వాడు. రెండో రోజు ఏడ్చాడు. మూడో రోజు "రారా" అంటే అమ్మ దగ్గరికి రాలేదు. పుట్ట వెనక దాక్కున్నాడు.

గీత దగ్గర నిలబెడితే అదే జానెడు.

తర్వాత ఎలుగుబంటి వచ్చింది.

"ఆ కోతి మాటలు వింటారా ఎవరైనా? పిల్లను దిట్టంగా మేపాలమ్మా. మా పిల్లల్ని చూడు, దుంగల్లా ఉంటారు. ఇప్పపూలు పెట్టు, వెదురు మొలకలు పెట్టు, వద్దంటే ఇంకోటి పెట్టు" అంది.

తంగేడు ఆ మాట కూడా విన్నది. మొలకలు కొండ మీద ఎక్కడో తడి ఉన్న చోటే దొరుకుతాయి. పొద్దున వెళితే పొద్దు వాలాక వచ్చేది. అంతసేపూ బుడంకాయను గోరింట దగ్గర వదిలేది. గోరింట వాణ్ణి కాళ్ళ మధ్య పెట్టుకుని నిలబడేది. వాడు దాని చెవి చివర పట్టుకుని ఊగేవాడు. అది ఊగనిచ్చేది.

ఒక సాయంత్రం తంగేడు తిరిగి వచ్చేసరికి గోరింట ఎదురు వచ్చింది. చాలా రోజులకు దాని గొంతు వినిపించింది.

"తంగేడూ! ఇవాళ వీడు తొండంతో నీళ్ళు పీల్చి నోట్లో పోసుకున్నాడే! మొదటిసారి ముక్కులోకి పోయి తుమ్మాడు. రెండోసారి తల మీద పోసుకున్నాడు. మూడోసారి తాగాడు. తాగి ఎంత గర్వంగా చూశాడనుకున్నావు! నువ్వు ఉండాల్సింది."

"ఓహో" అంది తంగేడు. "ఎత్తు ఏమైనా పెరిగినట్టు ఉన్నాడా?"

గోరింట బుడంకాయను తల్లి వైపు తోసి వెళ్ళిపోయింది.

తంగేడు కొడుకును కూర్చోబెట్టి మేపింది. "నోరు తెరువు." "చాలమ్మా." "నోరు తెరువంటే తెరువు." మూడు రోజులకు బుడంకాయ పొట్ట డప్పులా బిగిసింది. రెండు రోజులు పాలు కూడా ముట్టలేదు. మూలుగుతూ పడుకున్నాడు. జానెడు జాగా అలాగే ఉంది.

ఇక దాటడానికి ఒక్క రోజు మిగిలింది. అప్పుడు నక్క వచ్చింది. నక్క ఎప్పుడూ చివరి రోజే వస్తుంది.

"ఏనుగమ్మా, వాళ్ళకు లోకం తెలియదు. నీ కొడుకు ఎదగక్కర్లేదు. ఎదిగినట్టు కనిపిస్తే చాలు. బండ కింద నాలుగు పలక రాళ్ళు పేర్చు. పైన ఇసుక కప్పు. వాటి మీద నిలబెట్టు. పని అయిపోయింది."

"మరి ఏట్లో దిగాక? నీళ్ళు లోతుంటే?" అంది తంగేడు.

"అది ఏటి సంగతి. మనం మాట్లాడుకుంటున్నది గీత సంగతి" అంది నక్క.

తంగేడుకు అది తప్పని తెలుసు. అయినా మోడుబారిన చెట్లు కళ్ళముందు కనిపించాయి. ఒడ్డున ఒక్కతే నిలబడ్డ గోరింట కనిపించింది. రాళ్ళు మోసింది. పేర్చింది. ఇసుక కప్పింది. అలవాటు చేయడానికి బుడంకాయను ఎక్కించింది.

"కదలకు. కదిలావంటే జారతావు."

"కదలను. కాని రాయే కదులుతోందమ్మా" అన్నాడు వాడు.

అనేలోపే పై రాయి జారింది. బుడంకాయ దభీమని పడ్డాడు. ముందు కాలు మడత పడింది. కుంటుతూ లేచాడు. ఏడవలేదు. అమ్మ ముఖంలోకి చూసి ఒక్క మాట అడిగాడు.

"అమ్మా, నేను పొట్టిగానే ఉంటే నువ్వు నా దగ్గర ఉంటావా? మందతో వెళ్ళిపోతావా?"

తంగేడు గుండె చెరువైంది. ఇరవై రోజులుగా వాడు ఏ మాట గొంతులో పెట్టుకుని తిరుగుతున్నాడో అప్పుడు అర్థమైంది. వాణ్ణి తొండంతో దగ్గరికి లాక్కుని, నెమ్మదిగా నడిపించుకుంటూ రేలమ్మ దగ్గరికి తీసుకువెళ్ళింది.

రేలమ్మ మందలో అందరికన్నా ముసలిది. కళ్ళకు పొర కమ్మింది. మంద ఎటు కదిలినా అందరి వెనకా నడిచేది. దెబ్బ తగిలితే ఏ బురద పూయాలో, కడుపు నొస్తే ఏ ఆకు నమలాలో దానికే తెలుసు.

"అడుగులు తంగేడువి. పక్కన కుంటేది ఎవరే?" అంది రేలమ్మ.

"నా కొడుకు అవ్వా. రాళ్ళ మీద నుంచి పడ్డాడు."

"రాళ్ళెందుకు ఎక్కాడు?"

తంగేడు తల వంచుకుంది. బుడంకాయే చెప్పాడు. "అమ్మే ఎక్కించింది అవ్వా. పొడుగవుతానని."

రేలమ్మకు నవ్వు వచ్చింది. తర్వాత నవ్వు ఆగిపోయింది. తొండం చాచి పిల్లవాణ్ణి తడిమింది. పాదాలు తడిమింది. పక్కటెముకలు తడిమింది. నోట్లో పెట్టి చిగుళ్ళు తడిమింది. తర్వాత తల్లిని మూడు ప్రశ్నలు అడిగింది.

"పాలు ఇష్టంగా తాగుతాడా?"

"తాగేవాడు అవ్వా. నేను కుక్కి కుక్కి పెట్టాక రెండు రోజులు మానేశాడు. ఇవాళ మళ్ళీ తాగాడు."

"పడితే లేచి మళ్ళీ ఆటకు పోతాడా?"

"పోతాడు. ఆగమన్నా ఆగడు."

"పోయిన పున్నమికీ ఇప్పటికీ ఎదిగాడా?"

తంగేడు ఆలోచించింది. పోయిన పున్నమికి వాడి తల తన ముందు మోకాలి దగ్గర ఉండేది. ఇప్పుడు మోకాలు దాటింది. ఈ సంగతి అప్పుడే మొదటిసారి గమనించింది.

"ఎదిగాడు అవ్వా."

"మరి నీ బాధేమిటే? నీ కొడుకు నిక్షేపంలా ఉన్నాడు. పొట్టి, అంతే. మీ అమ్మ వైపు వాళ్ళందరూ పొట్టివాళ్ళే. నువ్వెలా ఉండేదానివో తెలుసా? మిగతా పిల్లలు ఏడాది నిండేసరికి తల్లి పొట్ట కింద దూరడం మానేశారు, వీపు తగులుతుందని. నువ్వు ఏడాదిన్నర దాకా మీ అమ్మ పొట్ట కింద అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు పరుగులే పరుగులు. మీ అమ్మ ఎంత మురిసిపోయేదో! 'నా బిడ్డ ఇంకొన్నాళ్ళు నా నీడలో ఉంటుంది పెద్దమ్మా' అనేది."

తంగేడుకు అమ్మ గుర్తొచ్చింది. అమ్మ పోయి ఎన్నో ఏళ్ళయింది. అమ్మ పొట్ట కింద ఎండ పడేది కాదు. పాల వాసన, తడిమట్టి వాసన కలిసి వచ్చేవి. నాలుగు పెద్ద కాళ్ళ మధ్య నుంచి అడవి ముక్కలు ముక్కలుగా కనిపించేది. అంత మంచి ఇల్లు దానికి మళ్ళీ ఎక్కడా దొరకలేదు.

రేలమ్మ కాలికి తడిమట్టి పూస్తూ మళ్ళీ అంది. "అయితే ఒకటి. అసలు కంగారే పడకూడదని నేను అనను. నాకొక తమ్ముడు ఉండేవాడు. వాడు ఎత్తుగానే ఉండేవాడు. కాని పాలు మానేశాడు. ఆట మానేశాడు. నెల తిరిగేసరికి ఎముకలు తేలాయి. మా అమ్మ దాచుకోలేదు. ఆ పూటే పెద్దవాళ్ళను పిలిచి చూపించింది. అప్పుడు మేము ఏరు దాటాల్సిన రోజులు. మంద మొత్తం పన్నెండు రోజులు ఒడ్డునే ఆగింది. మేత లేకపోయినా ఆగింది. వాడు లేచి నడిచాకే దాటాం."

"మంద మొత్తం ఆగిందా అవ్వా?"

"ఆగక? పిల్లను వదిలేసి పోతే అది మందెలా అవుతుంది? దుమ్ము రేపుకుంటూ పోయే గుంపు అవుతుంది."

తంగేడు కొడుకును ఇంకా దగ్గరికి జరుపుకుంది. "మరి వీడు గీతను తాకకపోతే మమ్మల్ని వదిలేసి పోతారు కదా అవ్వా."

"ఏ గీత?"

"గీతబండ మీది గీత. పిల్లల వీపు దాన్ని తాకాలి కదా."

రేలమ్మ చెవులు ఆడడం ఆగిపోయింది.

"పిల్లలు తాకడమేమిటే? దాన్ని తాకాల్సింది నీళ్ళు!"

"నీళ్ళా?"

"అప్పుడు ఏరు ఆ బండను ఒరుసుకుని పారేది. మా అమ్మ మొనదేలిన రాయి తొండంతో పట్టుకుని ఆ గీత గీసింది. నేను పక్కనే ఉన్నాను. నీళ్ళు గీత కన్నా పైన ఉంటే పిల్లలతో దాటకూడదు. గీత కిందికి దిగితే దాటొచ్చు. తర్వాత ఒక పెద్ద వరద వచ్చి ఏరు పక్కకు జరిగింది. బండ గట్టున మిగిలిపోయింది. అంతే కథ."

"కాని చిన్నప్పుడు తనను అక్కడ నిలబెట్టారని మద్దమ్మ పెద్దమ్మ అంటుంది."

"నిలబెట్టేవాళ్ళం. నీళ్ళు దిగేదాకా పిల్లలు ఎండకు మాడకుండా బండ నీడన నిలబెట్టేవాళ్ళం!"

"అయ్యో అవ్వా! మరి ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

"నాకు కళ్ళు కనిపిస్తే కదా తల్లీ. నేను అందరి వెనకా కాళ్ళీడ్చుకుంటూ వచ్చేసరికి సగం మంద ఏట్లో ఉంటుంది. పిల్లల్ని బండ దగ్గర నిలబెట్టారని విన్నప్పుడల్లా, పోనీలే, నీడ సంగతి మరిచిపోలేదు అని సంతోషపడ్డాను." ముసలిది తొండం నేలకు వాల్చింది. "ఆ ఏడు గోరింట వెనక వస్తుందిలే అన్నారు. నమ్మాను. ఎందుకు ఆగిందని అడగలేదు. అడగకపోవడం నా తప్పే."

మర్నాడు పొద్దున మంద గట్టు మీద చేరింది. ఒక్కో తల్లీ పిల్లను తీసుకుని ముందుకు వస్తోంది. గుండ్రాయి నిలబడ్డాడు. "తాకాడు" అంది మద్దమ్మ. తర్వాత పిలిచింది. "బుడంకాయ!"

తంగేడు ముందుకు వచ్చింది. కొడుకును బండ దగ్గరికి తోయలేదు. కొడుకుకూ బండకూ మధ్య అడ్డంగా నిలబడింది.

"నా కొడుకును నిలబెట్టను పెద్దమ్మా."

మంద అంతా ఉలిక్కిపడింది. "ఏమిటే ఆ మాట? ఇది ఆచారం" అంది మద్దమ్మ.

"ఎవరి ఆచారం? ఎవరి కోసం? ఏటిని కొలవాల్సిన గీతతో పిల్లల్ని కొలుస్తున్నాం! ఎవరు గీశారని అడగలేదు. ఎందుకు గీశారని అడగలేదు. భయపడ్డాం, తలలు వంచాం, పిల్లల్ని తెచ్చి వరసలో పెట్టాం. నేను నా కొడుకు తోక పట్టి లాగించాను. వాడి నోట్లో కుక్కాను. వాడి కింద రాళ్ళు పేర్చాను. ఈ ఒక్క గీతకు భయపడి నా బిడ్డకు నేనే శత్రువునయ్యాను. ఇక వంచను ఈ తల!"

మద్దమ్మ తొండం ఎత్తింది. "నాకు బాగా జ్ఞాపకం. మా అమ్మ నన్ను ఇక్కడే నిలబెట్టింది."

అప్పుడు వెనక నుంచి రేలమ్మ గొంతు వినిపించింది. ఆ రోజు ముసలిది తెల్లవారకముందే బయలుదేరి అందరితో పాటు చేరింది.

"ఏం జ్ఞాపకం ఉందే మద్దీ? కళ్ళు మూసుకుని చెప్పు."

మద్దమ్మను మద్దీ అని పిలిచేవాళ్ళు ఆ మందలో ఇంకెవరూ మిగల్లేదు. అది కళ్ళు మూసుకుంది.

"బండ వీపుకు చల్లగా ఉండేది. బండకు అవతల నీళ్ళు గలగలమనేవి. అమ్మ తొండంతో మా మీద నీళ్ళు చల్లేది. పిల్లలమందరం ఒకరినొకరు తోసుకునేవాళ్ళం. చాలాసేపు ఉండేవాళ్ళం..."

"గీతను తాకావని నీతో ఎవరైనా అన్నారా?"

మద్దమ్మ వెతుక్కుంది. "లేదు."

"ఎవరినైనా వదిలేసి దాటారా?"

"లేదు. అందరం దాటాం." దాని గొంతు చిన్నపిల్ల గొంతులా అయిపోయింది. "అందరం దాటాం పిన్నీ."

  అప్పుడు గోరింట ముందుకు వచ్చింది.

"అయితే నా బిడ్డ?" అంది.

 మద్దమ్మ నడిచి వెళ్ళింది. గోరింట ఎదుట మోకాళ్ళు వంచింది. మందకు పెద్ద అలా వంగడం ఎవరూ ఎప్పుడూ చూడలేదు. "తప్పు చేశాను తల్లీ. నా చిన్నతనం మీద మురిపెంతో నీ బిడ్డ చిన్నతనాన్ని తీసేశాను" అంది. గోరింట వెనక్కి జరగలేదు. ముందుకూ జరగలేదు. కొన్ని తప్పులకు క్షమాపణ చాలదు పిల్లలూ. అయినా చెప్పి తీరాలి.

బొగడ మెల్లగా తంగేడు పక్కకు చేరింది.

"నీకొక మాట చెప్పనా చెల్లీ? మా గుండ్రాయికి ఇంకా తొండంతో నీళ్ళు తాగడం రాదు. తొండం వాడి కాళ్ళ కిందే పడి వాడే తొక్కుకుంటాడు. నాకు నిద్ర పట్టడం లేదు. గీతకు తొండంతో పని లేదు కదా అని ఎవరికీ చెప్పలేదు."

"ఈ వయసుకు కొందరికి వస్తుంది, కొందరికి రాదు. ఏడాది దాటాక కూడా రాకపోతే నా దగ్గరికి తీసుకురా" అంది రేలమ్మ.

"నేను నేర్పిస్తాలే. ముందు తుమ్మాలి" అన్నాడు బుడంకాయ గుండ్రాయితో.

తంగేడు కోపం ఇంకా చల్లారలేదు. "ఈ బండను తోసేద్దాం రండి! ఈ గీతను చెరిపేద్దాం!" అని ఘీంకరించింది. చిన్న తల్లులందరూ ఘీంకరించారు.

"చెరిపితే ఎవరో ఇంకోటి గీస్తారు. ఇది ఎందుకు గీశారో ఈ పిల్లలకు చెప్పండి. వాళ్ళు వాళ్ళ పిల్లలకు చెబుతారు. చెప్పడం మానేసిన రోజు నుంచే కదా ఈ గొడవంతా" అంది రేలమ్మ.

మద్దమ్మ లేచి బుడంకాయ దగ్గరికి వచ్చింది. వాపు ఉన్న కాలిని తొండంతో తాకింది. "పిన్నీ, వీడు ఈ కాలితో దాటగలడా?"

"రెండు రోజులు ఆగాలి."

"అయితే ఆగుదాం" అంది మద్దమ్మ.

మంద ఆగింది. మేత లేదు. ఎండు బెరడు నమిలారు. ఒక్కరు కూడా సణగలేదని చెబితే అబద్ధమవుతుంది. సణిగారు, కాని కదల్లేదు. మూడో రోజు పొద్దున ముందుగా మద్దమ్మ ఏట్లో దిగి లోతు చూసి వచ్చింది. పిల్లల్ని పెద్దల మధ్య పెట్టుకుని అందరూ దిగారు. బుడంకాయకు నీళ్ళు గడ్డం దాకా వచ్చాయి. వాడు తొండం పైకెత్తి ఊపిరి తీసుకున్నాడు. ఒక పక్క తంగేడు ఆనుకుని నడిచింది. ప్రవాహం లాగే పక్కన గోరింట నడిచింది. ఎవరూ చెప్పకుండానే ఆ పక్క తీసుకుంది.

అందరూ దాటారు.

ఎన్నో వేసవులు గడిచాయి. తంగేడు ముసలిదైంది. కొత్త తల్లులు పిల్లల్ని వెంటపెట్టుకుని దాని దగ్గరికి వచ్చేవాళ్ళు. ఒకసారి ఒక చిన్న తల్లి భయం భయంగా అడిగింది.

"అవ్వా, మీ వాడు పది నెలలకు ఎంత ఎత్తు ఉండేవాడు?"

తంగేడు ఆ తల్లి పిల్లను తడిమింది. పాలు తాగుతోందా అని అడిగింది. ఆడుతోందా అని అడిగింది. ఎదుగుతోందా అని అడిగింది. తర్వాత చెప్పింది.

"నీ బిడ్డ బాగుంది తల్లీ. నా కొడుకు ఎత్తు మాత్రం గుర్తు లేదు. పుట్టిన రోజు గుర్తుంది. ఏరు దాటిన రోజు గుర్తుంది. వాడి ఊపిరి చప్పుడు నా చెవి పక్కన ఇప్పటికీ వినిపిస్తుంది. కాని దాటడానికి ముందు ఇరవై రోజులు ఉన్నాయి చూడు, అవి ఎంత తలుచుకున్నా రావు. ఆ రోజుల్లో వాడు ఏం ఆడాడో, దేనికి నవ్వాడో నాకు తెలియదు. నేను ఆ ఇరవై రోజులూ గీతను చూస్తూ కూర్చున్నాను."

 చిన్న తల్లి వెనక్కి తిరిగి తన పిల్ల వైపు చూసింది. ఆ పిల్ల తన తొండాన్నే తొక్కుకుని, బోర్లా పడి, లేస్తోంది.

నీతి: బిడ్డ ఎదుగుదలను పక్క బిడ్డతోనో పాత గీతతోనో కాదు, ఆ బిడ్డ నిన్నటితో పోల్చి చూడాలి. అనుమానం వస్తే తెలిసినవాళ్ళను అడగాలి, ఆ కొలత ఎందుకు పుట్టిందో కూడా అడగాలి. నిజంగా వెనకబడిన బిడ్డ ఉంటే, అందరూ ఆగాలి.